పాత జీపు పూర్వోత్తరాలు



కొండవాలున కాఫీ, మిరియాలు సాగుచేసే ఒక రైతు ఇటీవల నన్నొక ప్రశ్న అడిగినారు. వారి ఊరికి బస్సు రాదు. వాన పడితే ఆటో ఎక్కదు. పంట సంతకు దింపటానికీ, ఎరువు బస్తాలు పైకి చేర్చటానికీ ఒక పాత జీపు చూచుకున్నారు. "బండి ముప్ఫయ్యేళ్ళదండీ. అయినా జీపు జీపే కదా, దానికి చావు లేదంటారు. తీసుకోమంటారా?" అని వారి ప్రశ్న. ఔననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కాని జీపుకి చావు లేదనే ఆ మాట ఎక్కడ పుట్టినదో, అందులో నిజమెంతో తెలుసుకుంటే, రేపు బండి ముందు నిలబడినప్పుడు ఎక్కడ చెయ్యిపెట్టి చూడవలెనో మనకే తెలుస్తుంది. అందుచేత కాస్త వెనక్కి పోదాం.

జీపు పుట్టినది పొలం కోసం కాదు, యుద్ధం కోసం. 1940లో జర్మనీ సేనలు ఫ్రాన్సును చుట్టబెట్టిన తరువాత అమెరికా సైన్యానికి తొందర పుట్టినది. సైడుకారు మోటారు సైకిళ్ళకు బదులుగా, నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి కావలెనని ఆ జూలైలో 135 కంపెనీలకు వ్రాసినారు. మొదటి నమూనా 49 రోజులలో చేసి చూపాలి. ఆ గడువు చూచి దాదాపు అందరూ వెనుకాడినారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో బట్లర్ అనే ఊళ్ళో, మూతపడే స్థితిలో ఉన్న బాంటం అనే చిన్న కంపెనీ మాత్రం ధైర్యం చేసినది. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించి, కొద్ది రోజుల్లో నక్షా గీయించి, సరిగ్గా గడువు రోజున, అంటే సెప్టెంబరు 23న, బండిని సైన్యంవారి ముంగిట నిలబెట్టినది. కాని అంత చిన్న కంపెనీ చేతిలో యుద్ధపు ఆర్డరు పెట్టటానికి సైన్యానికి మనసొప్పలేదు. టొలీడో నగరపు విల్లీస్ ఓవర్‌ల్యాండ్ కంపెనీ, ఆ పిమ్మట ఫోర్డు కంపెనీ రంగంలోకి వచ్చినవి. బాంటం వారికి చివరకు దక్కినది ట్రెయిలర్ల పని. దుక్కి ఒకరు దున్నితే పంట మరొకరు కోసుకున్నట్లయినది.

విల్లీస్ వారి ఇంజను మాత్రం మిగతావాటికన్న గట్టిది. దాని వెనుక బార్నీ రూస్ అనే ఇంజనీరు ఉన్నారు. ఆయన కొత్త ఇంజను కనిపెట్టలేదు. కంపెనీ పాత కార్ల ఇంజనునే తీసుకొని, గంటలకొద్దీ బల్లమీద నడిపించి, ఎక్కడ విరిగితే అక్కడ సవరించుకుంటూ 48 అశ్వశక్తి నుంచి 60 దాకా లాక్కొచ్చినారు. సైన్యం ఆ నమూనానే ఖాయం చేసి, ఫోర్డు వారిని కూడా అచ్చం అదే బండి చేయమన్నది. విల్లీస్ సుమారు 3 లక్షల 60 వేలు, ఫోర్డు సుమారు 2 లక్షల 80 వేలు చేసినవి. ఒకరి బండి సామాను మరొకరి బండికి పట్టాలి, అది షరతు. ఫోర్డు వారు తమ సామానుమీద చిన్న ఎఫ్ అక్షరం గుద్దుకున్నారు గాని కొలత మాత్రం మార్చలేదు.

చావు లేదనే మాటకు మూలం ఇక్కడ ఉన్నది. జీపు చెడిపోని బండి కాదు. యుద్ధంలో రోజూ చెడిపోయేది. అయితే మూడు చెడిపోయిన బండ్లలోంచి రెండు బండ్లు లేపవచ్చు, చెట్టుకింద కూర్చుని, చేతిపనిముట్లతో. అంటే దాని ఆయుష్షు ఇనుములో లేదు, దొరికే సామానులో, విప్పి బిగించగల మేస్త్రీ చేతిలో ఉన్నది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

1945లో యుద్ధం ముగిసినది. మిగులు జీపులను అమెరికా ప్రభుత్వం అమ్మకానికి పెట్టినది. అప్పుడే అక్కడి పత్రికలలో ఒక చిత్రమైన ప్రకటన మొదలయినది: 50 డాలర్లకే సైన్యపు జీపు, కొత్తది, పెట్టెలో కట్టి ఉన్నది అని. డబ్బు పంపినవారికి వచ్చేది జీపు కాదు, జీపు ఎట్లా సంపాదించవలెనో చెప్పే చిన్న పుస్తకం! ఆ ప్రకటనలు పత్రికల చివరి పేజీలలో ఎన్నో ఏళ్ళు సాగినవి. నవ్వకండి. మన కాలంలో సెల్‌ఫోనులో "నేను సైన్యంలో ఆఫీసరును, బదిలీ అయినది, బండి చవకగా ఇచ్చేస్తాను, రవాణా ఖర్చు మాత్రం ముందు పంపండి" అని ఫోటోలు పంపేవారిది అదే విద్య. ఇటువంటివారిని నమ్మవద్దని పోలీసు శాఖవారు పలుమార్లు హెచ్చరించినారు. యూనిఫారం ఫోటో చూచి డబ్బు పంపినవారు మన జిల్లాలలోనూ ఉన్నారు.

విల్లీస్ కంపెనీ మాత్రం 1945 జూలైలో రైతును ఉద్దేశించి సి.జె.-2ఏ అనే జీపును విడుదల చేసినది. వెనుక తలుపు దించితే సామాను ఎక్కించవచ్చు. స్టెపినీ చక్రం అందుకే పక్కకు పోయినది. గేర్లు ఇంకా మందంగా, బలంగా లాగేటట్లు మార్చినారు. కావాలంటే వెనుక బెల్టు చక్రం బిగించి నీళ్ళ పంపు, కోత రంపం తిప్పుకోవచ్చు. ఒకే బండి ట్రాక్టరు, లారీ, కారు, ఇంజను నాలుగూ అవుతుందని చాటినారు. 1949 వరకు రెండు లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. ట్రాక్టరుగా మాత్రం అది గట్టిగా నిలబడలేదు. టన్నుకు కాస్త తక్కువ బరువున్న బండి నాగలి లాగబోతే చక్రాలు జారుతాయి, క్లచ్ కాలుతుంది. అమెరికా రైతు దుక్కికి ట్రాక్టరు ఉంచుకొని, జీపును కంచె చూడటానికీ, పాలు చేరవేయటానికీ వాడుకున్నాడు. మనం కూడా జీపును అందుకే కొనాలి. నాగలి లాగించిన జీపు ఎవరైనా అమ్మచూపితే, దాని క్లచ్‌తోబాటు గేరుపెట్టె కూడా అనుమానించాలి.

ఇక మన దేశం సంగతి. బర్మా సరిహద్దున పోరాడిన సేనలు ఇక్కడ వదిలిన మిగులు సామానును ప్రభుత్వపు డిస్పోజల్స్ శాఖ అమ్మినది. ఆ బండ్లకు డిస్పోజల్ జీపులని పేరు. ఇదే కాలంలో, 1945లో, మహీంద్రా అండ్ మహమ్మద్ అనే ఉక్కు వ్యాపార సంస్థ పుట్టినది. దేశవిభజనతో భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాను వెళ్ళి అక్కడ ఆర్థికమంత్రి అయినారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయినది. 1949లో బొంబాయి మజగావ్‌లో, ఓడమీద వచ్చిన విడిభాగాలు బిగించి జీపులు దింపటం ప్రారంభించినారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన ప్రభుత్వం పాత జీపులు కొనబోయి ఒక పెద్ద దెబ్బ తిన్నది. పాత బండి కొనే ప్రతివాడూ తెలుసుకోదగిన కథ అది. 1948లో కాశ్మీరు యుద్ధం జరుగుతున్నది. సైన్యానికి జీపులు వెంటనే కావాలి. కొత్తవి రావటానికి ఆలస్యమవుతుంది. లండనులో మన హైకమిషనరుగా ఉన్న వి.కె. కృష్ణమీనన్, మామూలు కొనుగోలు పద్ధతులు పక్కనపెట్టి, ఒక విదేశీ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. బాగుచేసి ఇచ్చే పాత జీపులు 2,000. మొత్తం వ్యవహారం సుమారు 80 లక్షల రూపాయలది. ఆనాటి 80 లక్షలు! సొమ్ములో పెద్దభాగం బండ్లు చేతికి రాకముందే చెల్లించినారు. వచ్చినవెన్ని? 155. అవి మద్రాసు రేవులో దిగేసరికి 1949 వచ్చినది, కాశ్మీరులో కాల్పుల విరమణ జరిగిపోయినది. సైన్యంవారు వచ్చిన బండ్లు చూచి ఇవి పనికిరావన్నారు.

పార్లమెంటులో పెద్ద గొడవ అయినది. ప్రభుత్వ లెక్కల సంఘం తప్పుపట్టినది. విచారణ సంఘానికి నాయకత్వం వహించినవారు మన తిరుచానూరు వాస్తవ్యులు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తరువాత లోక్‌సభ స్పీకరు అయినది వారే. కాని ఆ సంఘం సూచనలను పక్కనపెట్టి, 1955 సెప్టెంబరు 30న హోంమంత్రి గోవింద వల్లభ పంత్ ఈ వ్యవహారం ఇంతటితో ముగిసినదని ప్రకటించినారు. మరుసటి సంవత్సరం మీనన్ కేంద్ర మంత్రివర్గంలో చేరినారు. ఎవరిమీదా నేరం రుజువు కాలేదు. ఎవరి తప్పు ఎంతో తేల్చటం రాజకీయులకు వదిలేద్దాం. రైతు కంటితో చూస్తే కనిపించేది వేరు. అవసరం తొందరపెట్టినది. బాగుచేసినవి అనే మాటను నమ్మినారు. సొమ్ము ముందు పోయినది, సరుకు వెనుక వచ్చినది. సరుకు తీసుకునే సైన్యంవాడు దాన్ని చూచినది అన్నీ అయిపోయిన తరువాత. ఇందులో ఏ ఒక్కటి మన ఊరి బేరంలో జరగదంటారు? ముంగారు వచ్చేస్తున్నదని తొందర, "ఇంజను పని చేయించానండీ" అనే మాట, రేపు ఇంకొకరు వస్తున్నారని బయానా. ప్రభుత్వానికి 80 లక్షలు పోతే తట్టుకున్నది. లక్షన్నర పోతే రైతు తట్టుకోలేడు.

తరువాతి రోజుల్లో జీపు పల్లెకు చేరినది సర్కారు బండిగానే. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకాలు ప్రారంభమయినవి, బ్లాకు అధికారికి జీపు వచ్చినది. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు ఏర్పడిన పిమ్మట అదే సమితి జీపు అయినది. దుమ్ము లేపుకుంటూ అది వచ్చినదంటే పిల్లలు వెంట పరుగెత్తేవారు. ఆ సమితి జీపులే అరిగిపోయి, కండెమ్ అయి, వేలంలో రైతుల ఇళ్ళకు చేరినవి. ఎంతమంది నడిపినారో తెలియదు గాని, ఒక మేలుండేది: లాగుబుక్కు అనే చరిత్ర ఉండేది. ఎన్ని మైళ్ళు తిరిగినదో, ఎప్పుడు ఇంజను విప్పినారో వ్రాసి ఉండేది. ఇప్పుడా దారి మూసుకున్నది. 15 సంవత్సరాలు దాటిన ప్రభుత్వ వాహనాలను 2023 ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ రిజిష్టరు చేయరు, తుక్కుకే పంపుతారు. అటువంటి బండిని మీకు రోడ్డుబండిగా ఎవరైనా అమ్మజూపితే రెండడుగులు వెనక్కి వేయండి.

ఇక నమూనాల మాట. బయటినుంచి అన్నీ జీపుల్లాగే ఉంటాయి గాని లోపల వేర్వేరు వంశాలు. బానెట్టు తక్కువ ఎత్తులో ఉంటే తొలి తరం, రూస్‌గారి ఇంజను. ఎత్తు బానెట్టు అయితే 1953లో వచ్చిన సి.జె.-3బి తరహా. ఇంజను పైభాగం పెరిగినది కాబట్టి బానెట్టు లేపవలసి వచ్చినది, శక్తి 70 అశ్వశక్తి దాటినది. అమెరికాలో దాని తయారీ 1968లో ఆగిపోయినా మన దేశంలో ఆ రూపం ఇంకా చాలాకాలం నడిచినది. వీటిలో చాలావాటికి స్టీరింగు ఎడమ వైపు. వెనుక "లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్" అని పలక చూచే ఉంటారు. ఇవన్నీ పెట్రోలు బండ్లు. 1973లో చమురు ధర మండిన తరువాత పెట్రోలు జీపును మేపటం రైతు వల్ల కాలేదు. పెట్రోలు ఇంజను దింపి మటడోరుదో, ట్రాక్టరుదో డీజిలు ఇంజను పెట్టించుకున్నారు. ఆ తరువాత కంపెనీ జీపులే డీజిలువి వచ్చినవి. వీటిలో రెండు తెగలు. ఒకటి ఫ్రాన్సు దేశపు ప్యూజో ఇంజను తెగ, 1985లో వచ్చిన ఎం.ఎం. 540 వంటివి. పరుగు మెత్తన, కాని చలికాలం ఉదయం హీటరు ప్లగ్గులు సరిగా లేకపోతే లేవదు. రెండవది ఎం.డి.ఐ. తెగ, ట్రాక్టరు ఇంజను నుంచి దిగినది, కమాండరు జీపుల్లో విస్తారంగా వచ్చినది. మోత ఎక్కువ, వేగం తక్కువ, కాని బరువు లాగటంలో మొండిది. కొండ ఊళ్ళలో సంతరోజున జనాన్ని వేలాడేసుకుని పోయే బండ్లలో ఎక్కువ ఇవే. నన్నడిగితే వ్యవసాయదారుకు ఈ రెండవ తెగ నయమంటాను. 2010లో థార్ అనే పేరుతో వచ్చినవాటిలో కంప్యూటరుతో నడిచే ఇంజనువి కూడా ఉన్నవి. బండి మంచిదే, కాని అది చెట్టుకింద బాగయ్యే జాతి కాదు.

అన్నట్లు, 2018లో మహీంద్రావారు ఈ పాత జీపు ఒడ్డూ పొడుగుతోనే రాక్సర్ అనే బండిని అమెరికాలో, డెట్రాయిటు దగ్గర బిగించి, పొలాల్లో తిరగటానికని అమ్మినారు. అక్కడ పుట్టి ఇక్కడ పెరిగిన బిడ్డ పుట్టింటికి పోయినట్లు. పుట్టింటివారు మర్యాద చేయలేదు, మా పోలిక దొంగిలించినారని దావా వేసినారు. అది వేరే కథ.

ఏ వంశమైనా మొదట అడగవలసినది ఏ సంవత్సరపు బండి అని కాదు. దీని క్లచ్ ప్లేటు, దీని చక్రం సిలిండరు, దీని హెడ్ గాస్కెట్టు నా దగ్గరి పట్నంలో దొరుకుతాయా అని అడగాలి. విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్ళ కమాండరుకు సామాను దొరుకుతుంది. యుద్ధకాలపు బండికి దొరకాలంటే దేశం తిరగాలి. జబల్‌పూరులో 1969 నుంచి 1999 వరకు సైన్యానికి చేసిన జోంగా అనే నిస్సాన్ జాతి బండి చూడటానికి ఏనుగులా ఉంటుంది. ఉక్కులో లోటు లేదు. కాని నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, సామాను కొరత. అది ముచ్చటకు కొనేవారిది, మనది కాదు.

ఇప్పుడు బండి దగ్గరకు పోదాం. చెప్పకుండా, తెల్లవారి పొండి. వెళ్ళగానే బానెట్టుమీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉన్నదంటే మీకోసం ముందే లేపి ఉంచినారన్నమాట. చల్లారేదాకా టీ తాగి కూర్చోండి. చల్లని ఇంజను లేపినప్పుడు వచ్చే పొగ అబద్ధం చెప్పదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు తాగుతున్నది. నల్లపొగ నాజిళ్ళదో గాలి జల్లెడదో కావచ్చు, దానికి భయపడనక్కరలేదు. తెల్లపొగ వేడెక్కినా తగ్గకపోతే, రేడియేటరులో బుడగలు వస్తూంటే, హెడ్ దగ్గర నీరు దూరుతున్నది. ఆయిలు పోసే మూత తీసి చెయ్యి అడ్డం పెట్టండి. గుప్పుగుప్పున తన్నితే మేస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ అంటారే, అదే. బోరు కొట్టించక తప్పదు. ఆ ఖర్చు బేరంలోంచి తీసేయండి. ఇంజను ఖర్చు లెక్కకు అందే ఖర్చు, కాబట్టి ఇంజను చెడ్డదని మంచి బండిని వదులుకోనక్కరలేదు.

ఛాసిస్ అట్లా కాదు. కింద దూరి చూడాలి. పంచె మాసినా సరే. కమాను కట్టలు వేలాడే చోట, స్టీరింగు పెట్టె బిగించిన చోట, చిన్న సుత్తితో తట్టితే మంచి ఇనుము గణగణమంటుంది, తుప్పు బొద్దుగా పలుకుతుంది. కొత్తరంగు అక్కడ మాత్రమే మందంగా ఉంటే దానికింద వెల్డింగు ఉన్నది.

నాలుగు చక్రాలూ లాగే బండి అని చెప్పినారా, కర్ర ఉన్నదని నమ్మవద్దు. కమాండరు జీపుల్లో వెనుక చక్రాలు మాత్రమే లాగేవే ఎక్కువ. నాలుగు చక్రాలవాటికి కూడా మైలేజీ కోసం ముందు షాఫ్టు విప్పి అటకెక్కించినవారున్నారు. కిందినుంచి చూస్తే తెలుస్తుంది. షాఫ్టు ఉంటే బురదలోనో ఇసుకలోనో పెట్టి చిన్నగేరులో లాగించండి. బరువు పడగానే కర్ర దానంతటది తన్నుకుని బయటికి వస్తే లోపలి పళ్ళు అరిగినవి. ఈ పరీక్ష తారురోడ్డుమీద చేయకూడదు, మంచి బండిని కూడా పాడుచేస్తారు. ముందు చక్రం జాకీమీద లేపి పైనా కిందా పట్టి ఊపితే కింగుపిన్నుల సంగతి, బేరింగుల సంగతి బయటపడుతుంది.

బ్రేకుల దగ్గర నా సొంత అనుభవం చెప్పుకోవాలి. 1997లో నేనూ ఒక జీపు కొన్నాను. ఎక్కడ, ఎవరివద్ద అన్నది అనవసరం. కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, ఇంజను పొగ లేదు. సంతోషపడినాను. హ్యాండుబ్రేకు పట్టటం లేదేమని అడిగితే "జీపులన్నింటికీ అంతేనండీ" అన్నారు. నేనూ సరే అన్నాను. పాత జీపులో హ్యాండుబ్రేకు చక్రాలదగ్గర ఉండదు, చిన్న గేరుపెట్టె వెనుక, షాఫ్టుమీద ఉంటుంది. ఆ పెట్టెలోంచి ఆయిలు కారితే బ్రేకు లైనింగు నానిపోతుంది. కాలిబ్రేకుకు ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే గొట్టపు దారి. ఒక్కచోట చిట్లితే నాలుగూ పోతాయి. ఈ రెండూ ఒక చోట చేరితే ఏమవుతుందో మూడో నెలలో తెలిసినది. అల్లం బస్తాలతో ఘాటురోడ్డు దిగుతూంటే పెడల్ ఒక్కసారి నేలకు తగిలినది. హ్యాండుబ్రేకు లాగితే గాలిలో లాగినట్లు. డ్రైవరు తెలివైనవాడు గనుక లోయవైపు పోనీయక కొండవైపు కాలువలోకి తోసినాడు. వెనుక కూర్చున్న మా బావమరిది భుజం విరిగినది. ఇప్పటికీ ఆ చెయ్యి తలమీదికి లేవదు. ఆ బండి ఇంజను నిజంగానే మంచిది. దాన్నే చూచి మురిసిపోయినాను. నూరు రూపాయల ఆయిలుసీలు చూడలేదు.

అందుచేత దిగుడులో బండి నిలిపి, హ్యాండుబ్రేకు లాగి, కాలు తీసి చూడండి. నిలబడకపోతే అది జీపులన్నింటి సంగతి కాదు, ఆ జీపు సంగతి. చక్రాల లోపలివైపు తడి ఉన్నదా, గొట్టాలు తుప్పు పట్టినవా చూడండి. కొన్న తరువాత మొదటి ఖర్చు బ్రేకులకే పెట్టండి, రంగుకు కాదు.

కాగితాల దగ్గర మన రైతులు బద్ధకిస్తారు. ఛాసిస్ నంబరుమీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును ఆర్.సి.తో పోల్చుకోండి. ఇంజను మార్చిన బండి అయితే ఆర్.సి.లో డీజిలు అని ఎక్కించినారా? ఎక్కించకపోతే కాగితంమీద అది ఇంకా పెట్రోలు బండే, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది అక్కడే. సొంత వాహనానికి ఆర్.సి. 15 ఏళ్ళు, ఆ తరువాత అయిదేసి ఏళ్ళకు తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022లో పెంచినారు, 20 ఏళ్ళు దాటినవాటికి 2025లో మళ్ళీ పెంచినారు. కనుక గడువు ఎప్పటివరకు ఉన్నదో చూచి ధర చెప్పాలి. అప్పుమీద కొన్న బండి అయితే బాకీ తీరిన పత్రం, ఫారం 35, చేతికి రావాలి. వేరే రాష్ట్రపు బండికి, తెలంగాణ నుంచి ఆంధ్రకు వచ్చినా సరే, అక్కడి ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 28, కావాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద అమ్మినవారి సంతకం సొమ్ము ఇచ్చేచోటే పెట్టించుకోండి. తరువాత ఊరు మారినారు, ఫోను ఎత్తటం లేదు అంటే చేసేదేమీ లేదు. విస్తరణ సిబ్బంది ఈ నాలుగు ఫారాల పేర్లు ఆఫీసు గోడమీద వ్రాసిపెట్టినా మేలే.

ఇంతకూ ఆ కాఫీ రైతు బేరం ఏమయిందంటారా? మేస్త్రీని వెంటబెట్టుకుని, తెల్లవారి ఆరింటికే వెళ్ళినారు. బానెట్టు వేడిగా ఉన్నది. కింద దూరి చూస్తే ముందు షాఫ్టు లేదు. "అది ఇంట్లో ఉన్నదండీ, బిగించి ఇస్తాను" అన్నారట యజమాని. "బిగించి, ఆ బురదలో లాగి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం" అని వీరు వచ్చేసినారు. బయానా ఇవ్వలేదు. వచ్చే సంతలోగా ఆ యజమాని కబురు చేయకపోతే, పాడేరు వైపు మరియొక కమాండరు ఉన్నదట, అది చూచి వస్తానని చెప్పినారు.